పోసిక్స్ అంటే కోరికల చిట్టా కాదు

మళ్లీ అదే ఫార్వర్డ్, పోసిక్స్ మీద. లినక్స్ లాంటి యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేరైనా ప్రోగ్రామ్‌లు వాటిలో ఒకే తీరుగా నడవడానికి రాసుకున్న ఉమ్మడి నియమాలే పోసిక్స్. "పోసిక్స్ ప్రమాణం 1988 నాటి పాత సరుకు. పెద్ద కంపెనీలు తలుపులేసుకుని రాసుకున్నది. లినక్స్‌లో జనం రోజూ వాడే ఫీచర్లకే అందులో దిక్కులేదు, అన్నిటినీ వెంటనే చేర్చాలి" అని ఆ మెసేజ్ సారాంశం. పంపుతున్నవాళ్లు ప్రోగ్రామర్లు కావడమే నా బాధ.

పాత సరుకా? తాజా కూర్పు 2024లో వచ్చింది. తలుపులంటారా, 1998 నుంచి ఈ ప్రమాణం రాసే పని చూస్తున్న ఆస్టిన్ గ్రూప్‌లో చేరడానికి ఫీజు లేదు, ఏ కంపెనీ సిఫార్సూ అక్కర్లేదు. ఈ రెండిటికీ ఇంతకన్నా సమయం దండగ.

అసలు చేటంతా "వెంటనే చేర్చాలి" అన్న మాటలోనే ఉంది. పోసిక్స్ నియమం వేరు: సిస్టమ్‌లన్నిటిలో ఇప్పటికే ఉన్నదాన్నే చేర్చడం. ఎన్నో కనెక్షన్లలో దేనికి డేటా వచ్చిందో ప్రోగ్రామ్‌కి చెప్పే ఎపోల్‌నే తీసుకోండి. లినక్స్‌లో చక్కగా పనిచేస్తుంది. కానీ అదే పనికి ఫ్రీబీఎస్‌డీ అనే మరో యూనిక్స్ తరహా సిస్టమ్‌లో అంతకుముందే కేక్యూ ఉంది, దాని పద్ధతి వేరు. వాడేవాళ్లు ఎక్కువని ఎపోల్‌ని ప్రమాణంలో పెట్టేస్తే మిగతా సిస్టమ్‌లు ప్రమాణాన్ని పక్కన పడేస్తాయి. మనకు మిగిలేది లినక్స్ మాన్యువల్. అది ఇప్పటికే ఉంది, చదివేవాళ్లే తక్కువ.

పోనీ, కమిటీయే కూర్చుని కొత్తది తయారుచేయాలా? చేసి చూశారు. ఫైళ్లన్నిటినీ ఒక్క మూటగా కట్టే టార్, సీపీఐఓ కమాండ్ల పక్షాల గొడవ ఎంతకీ తెగకపోతే మధ్యేమార్గంగా ప్యాక్స్ అనే కమాండు పెట్టారు. ఆ మెసేజ్ పంపినవాళ్లలో ఎంతమంది దాన్ని ఒక్కసారైనా టైప్ చేశారో చెప్పమనండి.

చేర్చడం తేలికే, తీసేయడమే నరకం. బఫర్ (డేటా పెట్టుకునే మెమరీ జాగా) ఎంతుందో చూడకుండా లైన్ మొత్తం అందులో కుమ్మరించే గెట్స్ ఫంక్షన్ సంగతి తెలుసుగా? 1988లో ఇంటర్నెట్‌లో తనంతట తానే పాకిన మోరిస్ వార్మ్ అనే ప్రోగ్రామ్, యూజర్ల వివరాలు చెప్పే ఫింగర్ సర్వర్‌లోకి దూరింది దాని పుణ్యమానే. సీ భాష దాన్ని వదిలించుకున్నది 2011లో. పోసిక్స్‌లోంచి పోవడానికి 2024 దాకా పట్టింది. అంత ప్రమాదకరమని అందరూ ఒప్పుకున్నదే ఇన్నేళ్లు వేలాడితే, ఎవరికో ముచ్చటేసిందని చేర్చిన ఫీచర్ ఎప్పటికి పోతుంది?

"సిస్టమ్‌డీ ఎందుకు లేదు?" అని కూడా అడిగారు. కంప్యూటర్ ఆన్ కాగానే సర్వీసులను మొదలుపెట్టే ఆ ప్రోగ్రామ్ లినక్స్ మీద తప్ప నడవదు కాబట్టి. తర్వాత.

ఒక్క విషయంలో మాత్రం ఆ మెసేజ్ రాసినవాళ్ల కోపం న్యాయమే. ఫైల్ పేరులో కొత్త లైన్ అక్షరం ఉంటే స్క్రిప్టులు తప్పుదారి పడతాయి. దానికి విరుగుడుగా పేర్లను కొత్త లైన్‌తో కాక సున్నా బైట్‌తో విడదీసే ఆప్షన్లు, అంటే ఫైళ్లను వెతికే ఫైండ్ కమాండుకి ప్రింట్‌జీరో, ఆ జాబితాను మరో కమాండుకి అందించే ఎక్సార్గ్స్‌కి జీరో, చాలా సిస్టమ్‌లలో ఏళ్ల తరబడి ఒకే తీరుగా పనిచేస్తున్నాయి. అవి ప్రమాణంలోకి వచ్చింది 2024లో. అందరిలో ఉన్నదాన్నే చేర్చుతాం అన్న సొంత నియమం ప్రకారం చూసినా ఇది మరీ ఆలస్యం. దీన్ని నేను సమర్థించలేను.