రాబడి మన ఖాతాలో, రిస్కు ఎవరి చేలో?

పర్యావరణం, సమాజం, కంపెనీ పాలన చూసి షేర్లు ఎంచుకునే ఈఎస్‌జీ (సస్టెయినబుల్) ఫండ్ల మాట వస్తే మనవాళ్లు మొదట అడిగేది ఒకటే: "మార్కెట్ సూచీని అనుసరించే మామూలు ఇండెక్స్ ఫండ్ కంటే ఎక్కువ ఇస్తుందా?" ఇవ్వకపోవచ్చు. 2022లో అమెరికా పెద్ద కంపెనీల ఎస్ అండ్ పీ 500 సూచీ 19 శాతం దాకా పడిపోతే, అందులోని చమురు, గ్యాస్ కంపెనీలు 50 శాతానికి పైగా పెరిగాయి. ఆ షేర్లను దూరం పెట్టిన ఫండ్లకు ఆ ఏడాది దెబ్బే. 2020లో చమురు కూలినప్పుడు మాత్రం అదే వాటికి కలిసొచ్చింది. ఒక ఏడాది చూసి తీర్పు చెప్పలేం. నా బాధ వేరే. రాబడి పక్కన రాబడి పెట్టి చూస్తాం, రిస్కు ఎవరి నెత్తిన పడుతోందో అడగం.

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లం ఇది కళ్లారా చూశాం. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చింది. సార్వా, దాళ్వా కలిపినా రాని డబ్బు ఒక్క పంటలో కనబడేసరికి వరి చేలు చెరువులయ్యాయి. దశాబ్దం మధ్యకొచ్చేసరికి తెల్లమచ్చ వైరస్ చెరువులకు చెరువుల్నే ఊడ్చేసింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, రొయ్యల చెరువుల కేసులో, కాలుష్యం చేసినవాళ్లే పరిహారం కట్టాలని తీర్పిచ్చింది. 2006లో కొల్లేరు అభయారణ్యంలో చేపల చెరువుల గట్లను ప్రభుత్వమే తెగ్గొట్టింది, పెట్టిన డబ్బు గట్లతోపాటే పోయింది. 2009 తర్వాత వనామీ అనే కొత్త రకం రొయ్యతో మళ్లీ ఊపొచ్చింది. 2025 ఆగస్టులో మన ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరగానే భీమవరం చుట్టుపక్కల మళ్లీ టెన్షన్ పట్టుకుంది.

అలాగని వరి భద్రమనీ అనను. గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు.

కానీ వరి నష్టం వేసినవాడిది. చెరువు ఉప్పునీరు పక్క చేలోకి ఊరితే, లాభంలో పైసా వాటా లేని రైతు నేల చౌడుబారుతుంది. మనలో కొందరం ఆ చెరువులకు భూమి కౌలుకిచ్చినవాళ్లమే. కౌలు టైముకి ఖాతాలో పడుతోంది కాబట్టి రిస్కు లేదనుకుంటున్నాం. ఆ నేల తిరిగి వరికి ఎప్పుడొస్తుందో, ఊరి మంచినీళ్ల చెరువు ఏమవుతుందో ఆ లెక్కలో లేవు. బొగ్గు కంపెనీ డివిడెండూ ఇలాంటిదే. పొగ ఖర్చు ఇన్నాళ్లూ ఊరివాళ్లు మోశారు. చట్టం మారిన రోజు అది కంపెనీ పద్దులోకి, అక్కడినుంచి మన షేరు ధరలోకి వస్తుంది. సస్టెయినబుల్ ఫండ్ కొనడానికి నాకున్న ఆర్థిక కారణం ఇదే.

అయితే పేరు చూసి కొనొద్దు. ఈఎస్‌జీ విషయంలో చెప్పిందొకటి, చేసిందొకటి అని 2023లో డీడబ్ల్యూఎస్ అనే ఫండ్ల సంస్థకు అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 1.9 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఫండ్‌లో ఏ కంపెనీలున్నాయో చదవండి. కొన్ని రంగాలు తీసేస్తే మిగతావాటి బరువు పెరుగుతుంది. చాలా ఈఎస్‌జీ ఫండ్లలో టెక్ షేర్లే ఎక్కువ, అది మరో రిస్కు. ఫండ్ నడిపినందుకు మన సొమ్ములోంచి ఏటా కోసే ఖర్చు శాతం కూడా చూడండి, 30 ఏళ్ల రిటైర్మెంట్ సొమ్ములో ఆ తేడా చిన్నది కాదు.

ఇక సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు కౌలు కాగితం బయటికి తీయండి. చెరువుకి లైసెన్సుందా? వాడిన నీరు ఎటు వదులుతున్నారు? గడువయ్యాక నేల బాగుచేసే ఖర్చు ఎవరిది? ఇవి రాయిస్తే ఎకరానికి వచ్చే కౌలు కాస్త తగ్గుతుంది. తగ్గినా రాయించండి.