రింగ్ లైట్ల మోజు, మసకబారే హెడ్‌లైట్

రాత్రిపూట హైవే మీద వెనకాల అద్దంలో రెండు తెల్లటి గుండ్రాలు కనిపించగానే చాలామంది ఏ బీఎండబ్ల్యూనో వస్తోందనుకుని పక్కకు జరుగుతారు. ఓవర్‌టేక్ చేసి వెళ్తుంటే తెలుస్తుంది, అది పదేళ్ల నాటి స్విఫ్ట్ అని. ఆ ఒక్క క్షణం భ్రమ కోసమే కార్ డెకార్ షాపుల్లో ఏంజెల్ ఐస్, అంటే హెడ్‌లైట్ లోపల గుండ్రంగా వెలిగే రింగులు, అమ్ముడుపోతున్నాయి. అందులో తప్పేమీ లేదు. సొంత కారు ముద్దొచ్చేలా ఉండాలని ఎవరికి ఉండదు? నా అభ్యంతరం రింగు మీద కాదు, దాన్ని లోపల పెట్టడం కోసం హెడ్‌లైట్‌కు చేసే ఆపరేషన్ మీద.

ఈ రింగులకు పేరు తెచ్చింది బీఎండబ్ల్యూనే. 2000లో 5 సిరీస్‌కు కొత్త రూపు ఇచ్చినప్పుడు ఒక్కో హెడ్‌లైట్‌లో రెండేసి రింగులు పెట్టింది. చిన్న బల్బు వెలుగును పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టంలోకి పంపితే గుండ్రమంతా వెలిగేది. అప్పట్లో వాటి పని పార్కింగ్ లైటుగా ఉండటమే. ముఖ్యమైన సంగతేమిటంటే, రింగు ఎక్కడ కూర్చోవాలో లైటు గీసినప్పుడే తేల్చేశారు. రోడ్డు మీద పడే వెలుగుకు అది ఎక్కడా అడ్డురాదు. మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. ముందు లైటు తయారై ఉంటుంది, తర్వాత రింగుకు చోటు వెతుకుతారు.

ఆ చోటు వెతకడం ఎలా ఉంటుందో ఆటోనగర్‌లో ఓ పూట నిలబడితే తెలుస్తుంది. హెడ్‌లైట్ ముందు అద్దాన్ని వెనక డొప్పకు అతికించి ఉంచేది బ్యూటైల్ అనే నల్లటి జిగురు. హీట్ గన్‌తో వేడిచేసి దాన్ని మెత్తబరుస్తారు, స్క్రూడ్రైవర్ దూర్చి అద్దాన్ని ఊడదీస్తారు. రింగు అతికించి, మళ్లీ సీలెంట్ రాసి మూసేస్తారు. చేయి తిరిగినవాళ్లు చేస్తే బాగానే ఉంటుంది. హడావిడిగా చేస్తే మొదటి వానాకాలంలోనే లోపల ఆవిరి పట్టి అద్దం చెమర్చినట్టు కనిపిస్తుంది. బల్బు వెలుగును రోడ్డు మీదికి తిప్పే లోపలి గిన్నె, అంటే రిఫ్లెక్టర్ మీద ఉండేది చాలా పలచటి అల్యూమినియం పూత. వేలితో రుద్దినా మరక పడుతుంది, పాలిష్ చేస్తే పూతే లేచిపోతుంది. పోయిన మెరుపు తిరిగి రాదు.

ఇక్కడే ఒక తేడా చూడాలి. ప్రొజెక్టర్ లైటున్న, అంటే వెలుగు గుండ్రటి లెన్స్‌లోంచి వచ్చే కారైతే, ఆ లెన్స్ చుట్టూ ఉండే అలంకార చట్రం మీద రింగు కూర్చుంటుంది, వెలుగు దారికి అడ్డం రాదు. రోడ్ల మీద ఇప్పటికీ లెక్కలేనన్ని ఉన్న రిఫ్లెక్టర్ లైట్ల కథ వేరు. ఆ గిన్నెలో ప్రతి వంపూ ఒక లెక్క ప్రకారం ఉంటుంది, ఏ ముక్క వెలుగు రోడ్డు మీద ఎక్కడ పడాలో అదే నిర్ణయిస్తుంది. దాని ముందు రింగు అతికిస్తే ఆ మేరకు నీడ పడుతుంది. పైగా హెచ్4 రకం హాలోజన్ బల్బు దూరానికి కొట్టే హై బీమ్‌లో 60, దగ్గరికి పడే లో బీమ్‌లో 55 వాట్లది. అంత సెగ పక్కన చవక ప్లాస్టిక్ రింగు పసుపెక్కుతుంది, జిగురు కరిగి జారుతుంది. జారిన రింగు రిఫ్లెక్టర్ అడుగున పడి గలగలమంటున్న కార్లు అరుదేమీ కాదు.

లైటు విప్పి మళ్లీ బిగించాక దాని దిశ సరిచూసేవాళ్లు తక్కువ. ఒక్క డిగ్రీ పైకి లేస్తే 50 మీటర్ల దూరంలో వెలుగు సుమారు 87 సెంటీమీటర్లు పైకి పోతుంది. బంపర్ మీద పడాల్సిన వెలుగు ఎదుటివాడి కళ్లలో పడుతుంది. విప్పే పని లేకుండా రింగులతో సహా వచ్చే రెడీమేడ్ సెట్లు కొన్నా ఒక చిక్కుంది. మనం ఎడమవైపు నడిచేవాళ్లం కాబట్టి మన లో బీమ్ ఎడమవైపు కాస్త పైకి లేచి, కుడివైపు కిందికి ఉంటుంది. కుడివైపు నడిచే దేశాల కోసం చేసిన సెట్ అయితే ఆ పైకి లేచిన భాగం నేరుగా ఎదుటి డ్రైవర్ ముఖానికే తగులుతుంది.

నిజానికి ఎదుటివాడిని గుడ్డివాణ్ని చేసేది రింగు కాదు, దానితోపాటు షాపువాడు అంటగట్టే ఎల్ఈడీ బల్బు. ఎలాగూ లైటు విప్పాం కదా, ఇది కూడా వేయించుకోండి సార్ అంటాడు. హెచ్4లో లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు దొన్నె ఉంటుంది, వెలుగు గిన్నె అడుగుభాగానికి తగిలి పైకి పోకుండా ఆపేది అదే. ఎల్ఈడీ చిప్పులు సరిగ్గా ఆ ఫిలమెంట్ స్థానంలో లేకపోతే లెక్క మొత్తం చెడి వెలుగు నలుదిక్కులా చిమ్ముతుంది. కారు యజమానికి మాత్రం లైటింగ్ అదిరిపోయిందనిపిస్తుంది.

రింగు వేస్తే డీఆర్ఎల్‌లా, అంటే పగటిపూట బండి ఎదుటివాళ్లకు కనపడేందుకు వెలిగే లైటులా పనికొస్తుందన్న వాదనా వినిపిస్తుంది. యూరప్ నిబంధనల ప్రకారం డీఆర్ఎల్ వెలుగు ఎదురుగా చూసినప్పుడు కనీసం 400, గరిష్ఠంగా 1200 క్యాండెలాలు (వెలుగు తీవ్రతకు కొలమానం) ఉండాలి. హెడ్‌లైట్ వేయగానే అది ఆరిపోవాలి లేదా తగ్గాలి. మార్కెట్లో దొరికే రింగుల్లో చాలావరకు పగలు ఎండలో కనపడవు, రాత్రి తగ్గవు. ఇక రిమోట్‌తో ఎరుపు, నీలం రంగులు మారే రకం గురించి చర్చ అనవసరం. కారు ముందు ఎర్ర లైటు వెలిగితే ఆ బండి వస్తోందో పోతోందో ఎదుటివాడికి తెలియదు.

చట్టం ఏమంటోంది? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. రెండు రింగులు ఒక మార్పా రెండు మార్పులా అన్నది లాయర్లు తేల్చాలి! చట్టం ఇంత కటువుగా ఉన్నా రోడ్డు మీద దాని జాడ కనపడదు. 2012లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత నల్ల ఫిల్ములు పీకించిన పోలీసులు, మోత సైలెన్సర్లను రోడ్డు రోలర్ కింద నలిపించిన పోలీసులు, లైట్ల జోలికి వచ్చేది తక్కువ. ఫిల్ము కంటికి కనిపిస్తుంది, సైలెన్సర్ చెవికి వినిపిస్తుంది. వంకర పోయిన బీమ్‌ను పట్టుకోవాలంటే కొలిచే పరికరం కావాలి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అన్నేళ్లూ దానికి ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు. పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం మాత్రం తరచూ వెళ్లాలి, అక్కడ పొగ చూస్తారు, లైటు చూడరు. అదే చోట బీమ్ దిశ కొలిచే యంత్రం ఒకటి పెట్టి, తప్పుంటే సరిచేసుకోవడానికి వారం గడువిస్తే చాలు. దాంతోపాటు జర్మనీలోలాగా పరీక్షించి ఆమోదించిన విడిభాగాల జాబితా మనకూ ఉంటే, మోజున్నవాళ్లు రింగులు దర్జాగా వేయించుకోవచ్చు. ఇప్పుడున్న పద్ధతిలో ప్రొజెక్టర్ చట్రం మీద పొందిగ్గా రింగు పెట్టించుకున్నవాడూ, రిఫ్లెక్టర్ గీకి ఎల్ఈడీ బల్బు దూర్చినవాడూ కాగితం మీద ఒకే నేరస్థులు, రోడ్డు మీద ఒకేలా నిర్దోషులు.