సపరివార సమేతంగా ఎంతమంది?

ఎన్‌ఐటీకి కూతవేటు దూరంలో ఇల్లు పెట్టుకుని, కొడుకు హోటల్ మేనేజ్‌మెంట్ చదివితే ఏ తల్లికైనా నలుగురిలో చెప్పుకోవడం కష్టమే. మా అక్క మాత్రం "హైదరాబాద్‌ల మేనేజ్‌మెంట్ చదివిండు" అని ముందు మాటను మింగేసి నెట్టుకొచ్చింది. ఇప్పుడు ఆ మేనల్లుడు ఒక పెద్ద హోటల్లో కెప్టెన్. మిలిటరీ అనుకుని వీధివాళ్లు కొన్నాళ్లు గౌరవంగానే చూశారు.

వాడి గురి ఫుడ్ అండ్ బేవరేజ్ మేనేజర్ ఉద్యోగం మీద. అంటే వంట చేసేవాడు కాదు. రెస్టారెంటు, బాంక్వెట్, రూమ్ సర్వీస్, బార్, వాటి ఖర్చు, సిబ్బంది డ్యూటీలు, కస్టమర్ల తిట్లు, అన్నీ ఆయన నెత్తిమీదే. అక్కడికి చేరాలంటే స్టీవార్డ్‌గా, అంటే వడ్డించే కుర్రాడిగా మొదలై, ఆ కుర్రాళ్లను చూసుకునే కెప్టెన్, రెస్టారెంట్ మేనేజర్ మెట్లు ఎక్కాలి. "ఇంజనీరు మొదటి రోజే ఇంజనీరు గదరా, నువ్వేమో ముందు ప్లేట్లు ఎత్తాలెనా?" అన్నది అక్క బాధ.

వాడు ఓపిగ్గానే చెప్తాడు. వంద రూపాయల వంటకంలో సరుకుల ఖర్చు ముప్పై రూపాయల దగ్గర ఆగితే హోటల్ బాగా నడుస్తున్నట్టట. మా పెద్దబాపు అంతా విని, "మరి మిగిలిన డెబ్బై ఎవడు తిన్నడురా?" అన్నాడు. జీతాలు, కరెంటు, అద్దె అని వాడు వేళ్లు ముడుస్తూ చెప్తుంటే, ఆయన లేచి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఇంతలో వాడి చెల్లెలి పెళ్లి. హన్మకొండలో ఫంక్షన్ హాల్. దావత్ బాధ్యత నాదేనన్నాడు అల్లుడు. బంధువులందరికీ తన ఉద్యోగమేమిటో చూపిస్తాడట.

హోటల్లో విందంటే కనీసం ఇంతమందికని విందు ఇచ్చేవాళ్లు ముందే మాటివ్వాలి. సరుకు కొనడం, కుర్రాళ్లను పెట్టుకోవడం ఆ లెక్కమీదే. అందుకని వాడు పెళ్లికి నాలుగు రోజుల ముందు ఒక రిజిస్టర్ ముందేసుకుని పరకాల, నర్సంపేట, జనగామ, హుస్నాబాద్ చుట్టాలందరికీ ఫోన్లు కొట్టాడు. "మీ ఇంట్ల నుంచి ఎంతమంది వస్తున్రు?"

శుభలేఖలో సకుటుంబ సపరివార సమేతంగా రమ్మని అచ్చేసింది మేమే!

సాయంత్రానికల్లా నిప్పు రాజుకుంది. "పిలిచినోళ్లు తిండి లెక్కలు అడుగుతరా?" అని నర్సంపేట చిన్నమ్మ ఏడ్చింది. జనగామ బావ అయితే, "ఇద్దరమే వద్దామనుకున్నం, ఇప్పుడు మా తమ్ముళ్లను గూడ తీసుకొస్త, రాసుకో" అని ఫోన్ పెట్టేశాడు. అల్లుడు నిజంగానే రాసుకున్నాడు.

దావత్ రోజు వంట మేస్త్రీ బగారా గంజు మూత తీస్తుంటే వీడు థర్మామీటర్ గుచ్చాడు. వేడి పదార్థం 60 డిగ్రీల కిందికి దిగకూడదన్నది నియమం. మేస్త్రీ గరిటె పట్టుకుని అలాగే నిలబడి, "జ్వరమేమన్న ఉన్నదా సార్?" అని అడిగాడు.

బుఫే వరస కూడా పుస్తకం ప్రకారమే పెట్టించాడు. మొదట సలాడ్, పెరుగన్నం, బగారా, పప్పుచారు. మటన్ చిట్టచివర. మనిషి ముందు కనిపించినవాటితో ప్లేటు నింపుకుంటాడు, ఖరీదైనది కొద్దిగానే వేసుకుంటాడు. సూత్రం మంచిదే. కాకపోతే మా పెద్దబాపు ప్లేటు పట్టుకుని నేరుగా చివరికెళ్లి అక్కడినుంచి వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ఆయన వెనక పెద్దలంతా కదిలారు. ఇటునుంచి వచ్చే వరస, అటునుంచి వచ్చే వరస పప్పుచారు దగ్గర ఢీకొన్నాయి. జనగామ బావ పట్టుపంచె మీద మునక్కాయ ముక్కతో సహా పడింది.

మటన్ దగ్గర నిలబెట్టిన డిగ్రీ కుర్రాడికి ప్లేటుకు 150 గ్రాములని ఆర్డర్. పెద్దబాపు ప్లేటు వెనక్కి తీయలేదు. "నల్లిబొక్క వెయ్ బిడ్డా."

"సార్ అంతే వెయ్యమన్నడు తాతా."

"సార్ ఎవడు? మా మనుమడే గద! ఆనికి నేను చెప్త, నువ్వు వెయ్." కుర్రాడు వేశాడు. వెనకున్నవాళ్లందరూ నల్లిబొక్కే అడిగారు. ఒక్క మేకకు ఎన్ని ఉంటాయో పుస్తకంలో లేదు కాబోలు.

ఎనిమిదిన్నరకు మటన్ అడుగంటింది. రిజిస్టర్‌లోని అంకె ఎప్పుడో దాటిపోయింది, గేటు దగ్గర ఇంకా ఆటోలు దిగుతూనే ఉన్నాయి. టై కట్టుకున్న అల్లుడి మొహాన చెమటలు. టెన్షన్‌తో వంటశాలకు పరిగెత్తాడు. నేనూ వెనకే వెళ్లాను.

మేస్త్రీ బీడీ కాలుస్తూ కూర్చున్నాడు. పక్క పొయ్యి మీద ఇంకో గంజు బగారా, దాని పక్కన బొక్కలు, సొరకాయ వేసి కాచిన దాల్చా పొగలు కక్కుతున్నాయి. అల్లుడు బిత్తరపోయాడు.

"ఇది నా లెక్కల లేదు గదా! ఏ లెక్కన ఎక్కించినవ్?"

"మీరు చుట్టాలందరికి ఫోన్లు చేసిండ్రని విన్న సార్. గందుకే ఎక్కించిన" అన్నాడు మేస్త్రీ.

అందరూ తిన్నారు. దాల్చా బాగుందని జనగామ బావ పంచె మార్చుకుని వచ్చి మళ్లీ వేయించుకున్నాడు. మర్నాడు మేస్త్రీ తెచ్చిన బిల్లులో ఆ రెండో గంజు విడిగా, అల్లుడి పేరు మీద ఉంది.