అంగుళాలు కాదు, వైరింగు చూడండి

కార్లలో వచ్చే టచ్‌స్క్రీన్ల మీద ఒక వ్యాసం చదివాను; స్క్రీన్ ఎంత పెద్దగా ఉంటే కారు అంత కొత్తదన్నట్టు రాశారు అందులో. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతాం. ఏసీ ఫ్యాను పెంచడానికి మెనూలో మూడు సెకన్లు వెతికితే 66 మీటర్లు రోడ్డు చూడకుండా నడిపినట్టే. కరీంనగర్ రోడ్డు మీద రాత్రిపూట లైటు లేని వడ్ల ట్రాక్టరు ఎదురుపడడానికి అంత దూరం చాలు. ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్లు, ఎస్‌ఓఎస్‌కు (ఆపదలో సాయం పిలిచే కాల్) విడిగా బటనో, లివరో ఉండాలని కార్ల భద్రతకు స్టార్ రేటింగులిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి అడుగుతోంది. ఏసీ ఆ జాబితాలో లేదు. మన మే నెల ఎండ వాళ్లకేం తెలుసు!

హనుమకొండలో బయట షాపులో ఆండ్రాయిడ్ స్టీరియో (టచ్‌స్క్రీన్ ఉన్న మ్యూజిక్ సిస్టమ్) పెట్టించేవాళ్లు ఒకటి గమనించాలి. రాత్రి స్క్రీన్ కళ్లలో కొడుతుందంటే చాలాసార్లు తప్పు స్క్రీన్‌ది కాదు. లైట్లు వేసిన సంగతి స్టీరియోకు తెలిపే ఇల్యూమినేషన్ వైరును, ఎక్కువగా నారింజ రంగుది, పార్కింగ్ లైటు లైనుకు కలపకుండా టేపు చుట్టి వదిలేస్తారు. కలిపితే, సెట్టింగులో ఆటో డిమ్మింగ్ ఆన్ చేసి ఉంటే, లైటు వేయగానే వెలుతురు దానంతటదే తగ్గుతుంది.

ఇంకో తొందరపాటు: బ్యాటరీకి పోయే పసుపు వైరును, తాళం తిప్పినప్పుడే కరెంటు వచ్చే ఏసీసీ (యాక్సెసరీ) ఎరుపు వైరును ఒకే ముడి వేయడం. అట్లయితే కారు ఆపినా స్టీరియో ఆఫ్ కాదు, బ్యాటరీ దిగిపోతుంది. రెండూ తారుమారైతే ఆపినప్పుడల్లా టైమూ స్టేషన్లూ చెరిగిపోతాయి. కారు ఆపి తాళం చెవి బయటికి తీశాక ఎరుపు వైరులో మల్టీమీటర్ ఇంకా 12 వోల్టులు చూపిస్తే, డబ్బులిచ్చే ముందే విప్పించి సరిచేయించండి.