ఆ 24 ట్రాకులు వినకుండా కరావోకే అనకండి

మొన్న మన సంఘం వార్షికోత్సవంలో సంగీత విభావరి జరిగిన మర్నాడు పొద్దున్నే వీడియో యూట్యూబ్‌లో పెట్టేశాం. మధ్యాహ్నానికల్లా మన వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దాయన రాశారు: "లైవ్ ఆర్కెస్ట్రా మనవల్ల అయ్యే పని కాదు. వచ్చే ఏడాది హాయిగా కరావోకే పెట్టుకుందాం." చాలామంది సరేనన్నారు. రెండో పాట పాడిన అమ్మాయి పేరు ఎవరూ ఎత్తలేదు గానీ మాటలన్నీ ఆమె గురించే. తాళం తప్పిందన్నారు, గొంతు చీలిందన్నారు. సాయంత్రానికి ఆ పిల్ల గ్రూపులోంచి వెళ్లిపోయింది.

ఆ రోజు నేను హాల్లో, మైకుల శబ్దాలన్నీ కలిపే మిక్సర్ పక్కనే కూర్చున్నాను. ఆమె తాళం తప్పలేదు. ఆ మాట అప్పుడే రాద్దామనుకున్నాను, కానీ చూపించడానికి చేతిలో ఏమీ లేక ఊరుకున్నాను. ఇప్పుడు ఉంది.

డిజిటల్ మిక్సర్ నుంచి యూఎస్‌బీ కేబుల్ వేసి ఆ రోజు 24 ఛానెళ్లూ లాప్‌టాప్‌లోకి విడివిడిగా రికార్డు చేశాం. ఎవరి మైకు వాళ్ల ట్రాకులో, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ నాణ్యతలో. మూడు గంటల కార్యక్రమం దాదాపు 37 జీబీ అయింది. మిక్సర్ మీద శబ్దం పెంచి తగ్గించే మీట, అంటే ఫేడర్, పైకి ఉన్నా కిందికి ఉన్నా ఈ రికార్డింగుకి సంబంధం లేదు, మైకులో పడింది పడినట్టే ఉంటుంది. మనం యూట్యూబ్‌లో పెట్టింది మాత్రం ఇది కాదు. స్పీకర్లకి వెళ్లే మిక్స్‌నే ఒక వైరుతో కెమెరాకి ఇచ్చాం, అదే పెట్టాం.

అక్కడ రెండు పొరపాట్లు జరిగాయి. మిక్సర్ నుంచి వచ్చేది లైన్ లెవెల్, అంటే బలమైన సిగ్నల్. కెమెరా ఇన్‌పుట్ మాత్రం బలహీనమైన సిగ్నల్ కోసం ఉండే మైక్ లెవెల్‌లో ఉండిపోయింది. నాతో సహా ఎవరం చూసుకోలేదు. గట్టిగా పాడిన ప్రతిచోటా కెమెరా క్లిప్ అయింది, అంటే పట్టగలిగినదానికి మించి వచ్చిన శబ్దం పగిలిపోయింది. ఆ శబ్దం గీత (వేవ్‌ఫారమ్) తెరిచి చూస్తే పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా ఉంది. గొంతు చీలిందని మీరన్నది అదే. ఆమె సొంత ట్రాకులో అదే చోట గొంతు శుభ్రంగా ఉంది.

రెండోది డ్రమ్స్. స్పీకర్లు లేకపోయినా డ్రమ్స్ చివరి వరసదాకా మోగుతాయి. అందుకే సౌండ్ చూసిన కుర్రాడు వాటి ఫేడర్ బాగా దించి, గొంతుల్ని పైకి పెట్టాడు. హాల్లో కూర్చున్నవాళ్లకి అది సరిపోయింది, అతని తప్పేం లేదు. కానీ ఆ మిక్స్ కెమెరాలోకి వెళ్లేసరికి డ్రమ్స్ దాదాపు మాయమయ్యాయి. చరణం మొదట్లో ఆ అమ్మాయి దెబ్బ పడ్డాక ఒక పిసరు ఆగి మాట ఎత్తుకుంది, కావాలనే. వీడియోలో ఆ దెబ్బే వినిపించదు, కాబట్టి ఆలస్యంగా అందుకున్నట్టు ఉంది.

విడివిడి ట్రాకుల నుంచి ఈ ఒక్క పాట మళ్లీ మిక్స్ చేయడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. ముందు ఆమె మైకు ఒక్కటే సోలో చేసి విన్నాను. ఊపిరి, మైకుకి చేతి గాజు తగిలిన చప్పుడు, వెనకాల డ్రమ్స్. లైవ్ రికార్డింగులో ఏ మైకూ ఒక్కరిదే కాదు, పక్కవాళ్లు కూడా అందులో పడతారు. డ్రమ్స్ ఆమెకు మూడు మీటర్ల వెనక ఉన్నాయి. శబ్దం ఒక మిల్లీసెకనుకి సుమారు 34 సెంటీమీటర్లే పోతుంది కాబట్టి, ప్రతి దెబ్బా ఆమె మైకులోకి 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఆమె పాడనప్పుడల్లా ఆ మైకు మూసేస్తే డ్రమ్స్ ధ్వని తీరు మారుతూ, తెరుచుకుంటూ మూసుకుంటూ వినిపిస్తుంది. అందుకని మూయలేదు, వాద్యాలు మాత్రమే మోగే ఇంటర్‌ల్యూడ్‌లో 6 డెసిబెల్స్ తగ్గించాను. ఆ మైకు తెరిచి ఉంచే డ్రమ్స్ మిక్స్ చేసుకున్నాను.

వయొలిన్ అబ్బాయి సైగ కోసం ఆమె తల తిప్పినప్పుడల్లా మైకుకి దూరమై గొంతు తగ్గింది. శబ్దంలో హెచ్చుతగ్గుల్ని దానంతటదే సమం చేసే కంప్రెసర్‌నే నమ్ముకుంటే గొంతుతో పాటు వెనక డ్రమ్స్‌ని కూడా పైకి లాగుతుంది. మాట మాటకీ ఫేడర్‌ని చేత్తో సరిచేసి, ఆ తర్వాతే కంప్రెసర్ కొద్దిగా వేశాను. రెండో చరణంలో ఒక స్వరం కాస్త దిగింది. దాన్ని శ్రుతి సరిచేసే ఆటోట్యూన్‌తో ఎత్తితే ఆ మైకులో పడిన వయొలిన్ కూడా శ్రుతి జరిగిపోతుంది. అలా జరగకపోయినా నేను ముట్టుకునేవాణ్ణి కాదు. మైకు చేసిన తప్పు దిద్దాలి, మనిషి పాడింది ఉంచాలి అన్నది నా పట్టుదల.

పిల్లల కేకలు, ఈలలు అన్నీ తీసేద్దామనే మొదలుపెట్టాను. హాలు వెనక పెట్టిన రెండు మైకులూ మూసి వింటే పాట ఖాళీ గదిలో పాడినట్టుంది. అవి స్టేజీకి 15 మీటర్ల దూరంలో ఉన్నాయి, 44 మిల్లీసెకన్లు వెనకబడ్డాయి. ఆ మేరకు ముందుకు జరిపి మళ్లీ కలిపాను. పాట చివర ఎవరో "వన్స్ మోర్" అని అరిచారు. అదీ ఉంది.

మాస్టరింగ్‌లో, అంటే చివరి మెరుగులో, పెద్దగా చేసిందేమీ లేదు. పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్కలో మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర ఆపాను. అంతకంటే గట్టిగా నొక్కిపెట్టినా యూట్యూబ్ ఎలాగూ తగ్గించేస్తుంది.

మిక్సింగ్ అన్నిటినీ బాగుచేస్తుందని నేననను. ఎవరో ఫోటో కోసం స్టేజీ ఎక్కి తబలా మైకు పక్కకి జరిపారు, మళ్లీ సరిగ్గా పెట్టలేదు. తర్వాతి నాలుగు పాటల్లో తబలా ట్రాకులో తబలా తప్ప అన్నీ ఉన్నాయి. దానికి నా దగ్గర మందు లేదు.

కరావోకే కావాలన్నవాళ్ల బాధా నాకు తెలుసు. రిహార్సల్స్‌కి పది మందిని ఒకచోట చేర్చడం ఎంత కష్టమో కార్యవర్గంలో ఉన్నవాళ్లకి తెలుసు. మర్నాడే వీడియో పెట్టకపోతే ఇండియా నుంచి అమ్మానాన్నలు ఫోన్ చేసి అడుగుతారు. వాళ్లకి ఫోన్లో తీసిన ఒక నిమిషం క్లిప్ పంపుదాం. మొత్తం వీడియోకి మాత్రం మూడు వారాలు ఆగుదాం. సౌండ్ చెక్‌లో కెమెరా లెవెల్ ఒకరు చూడండి, మైకుల్ని ఎవరూ ముట్టుకోకుండా ఇంకొకరు నిలబడండి. మిక్స్ నేను చేస్తాను, నాతో కూర్చుని నేర్చుకుంటామంటే ఇద్దరికి నేర్పుతాను కూడా.

మొన్న ఆ అమ్మాయికి హెడ్‌ఫోన్స్ ఇచ్చి వినిపించాను. రెండో చరణం దగ్గర "అంకుల్, ఇక్కడ దిగాను కదా" అంది. అవునమ్మా, ఉంచేశాను అన్నాను. పాట అయ్యాక మళ్లీ మొదటి నుంచి పెట్టమంది.

వచ్చే సర్వసభ్య సమావేశంలో కరావోకే విషయం చర్చకు వస్తోంది. చేతులెత్తే ముందు ఆ పాటని రెండు రకాలుగానూ వినిపించడానికి నాకు పది నిమిషాలు ఇవ్వండి. స్పీకర్లు నేనే తెస్తాను.