నబాటియన్లు మిస్టరీ ఏమీ కాదు, తలుపు మీద రాసి మరీ చెప్పారు

యూట్యూబ్‌లో పెట్రా మీద, అంటే రెండు వేల ఏళ్ళ కిందట నబాటియన్లు ఇప్పటి జోర్డాన్‌లో కొండలు తొలిచి కట్టుకున్న ఊరి మీద, తెలుగు వీడియో ఏది తెరిచినా రెండు మాటలు గ్యారంటీ: "అంతుచిక్కని రహస్యం", "చరిత్రలో మాయమైపోయిన జాతి". ఆ తర్వాత అల్-ఖజ్నే ముఖద్వారం డ్రోన్ షాట్. ఇంకాస్త తెగించినవాళ్ళు గ్రహాంతరవాసుల దాకా పోతారు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. నబాటియన్లు నోరు విప్పని జనం కాదు. కొండల మీద, సమాధుల మీద, కాగితాల్లాంటి పపైరస్‌ల మీద వేల చోట్ల రాసుకున్నారు. పేరు, తండ్రి పేరు, తేదీ, ఏ రాజు ఏలుబడి, మాట తప్పితే ఎంత జరిమానా, అన్నీ ఉన్నాయి. చదవకుండా వదిలేసి మనమే దానికి మిస్టరీ అని పేరు పెట్టుకున్నాం.

పెట్రా ఒక్కదాన్నే పట్టుకు వేలాడటం కూడా ఈ గోలకి ఒక కారణం. అక్కడ సమాధులు వందల్లో ఉన్నా, ముఖం మీద పొడుగాటి రాత ఉన్నవి చాలా తక్కువ. తుర్క్‌మానియ్య సమాధి ఒకటి పేరున్నది. అందులో కూడా తోటలు, నీటి తొట్లు, గోడలతో సహా లెక్క రాసి, అన్నీ దుషర దేవుడివని చెప్పి, కట్టించినవాడి పేరు మాత్రం వదిలేశారు. అదే దక్షిణానికి దాదాపు 500 కిలోమీటర్లు దిగి, ఇప్పటి సౌదీలో అల్-ఉలా దగ్గరున్న హెగ్రాకి వెళ్ళండి. మదాయిన్ సాలిహ్ అంటే గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ పెద్ద సమాధులు 111. వాటిలో 30కి పైగా సమాధుల గుమ్మం పైన పలకలో నీటుగా చెక్కిన శాసనం ఉంటుంది. శాసనం అంటే రాజుగారి పొగడ్త అనుకునేరు. అవి దస్తావేజులు!

కమ్‌కమ్ అనే ఆవిడ సమాధినే చూడండి. ఆమె, ఆమె కూతురు కులైబత్ కలిసి తమకీ తమ సంతానానికీ దాన్ని చేయించుకున్నారు. నబాటియన్ల రాజు హారితత్ ఏలుబడి తొమ్మిదో ఏట, అంటే మన లెక్కలో క్రీస్తు శకం మొదలయ్యే వేళకి. అందులో ఉన్న సంగతి నా మాటల్లో ఇది: ఈ సమాధిని అమ్మినవాణ్ణీ, కొన్నవాణ్ణీ, తాకట్టు పెట్టినవాణ్ణీ, దానమిచ్చినవాణ్ణీ, ఇందులోంచి శవాన్ని గానీ ఎముకను గానీ బయటికి తీసినవాణ్ణీ, మా వాళ్ళు కానివాళ్ళని ఇక్కడ పెట్టినవాణ్ణీ దుషర, అల్లాత్, మనాత్ దేవతలు శపించుగాక. శాపంతో ఆగలేదు. దేవుళ్ళకి కట్టాల్సింది వేరు, పూజారికి జరిమానా వేరు: హారితత్ నాణేలు వెయ్యి. ఆ తర్వాత అసలైన లాయరు బుర్ర: కమ్‌కమ్ గానీ కూతురు గానీ స్వయంగా రాసిచ్చిన కాగితం ఎవరైనా చూపిస్తే మాత్రం అది చెల్లుతుంది. చివర్లో చెక్కినవాడి పేరు, వహబల్లాహి, అబ్దోబోదత్ కొడుకు.

రెండు వేల ఏళ్ళ కిందటి ఎడారిలో ఇద్దరు ఆడవాళ్ళు తమ పేరు మీద ఆస్తి పెట్టుకుని, దాన్ని ఎవరూ కాజేయకుండా ఇన్ని తాళాలు వేసుకున్నారు. ఇందులో మనకి అర్థం కానిది ఏముంది? ఏ రిజిస్ట్రార్ ఆఫీసు బయట కూర్చునే దస్తావేజు రాతగాడిని అడిగినా ఒక్కో షరతు ఎందుకు పెట్టారో చెప్తాడు.

ఇక భాష సంగతి. వీళ్ళ పేర్లు ఎక్కువగా అరబ్బీ పేర్లే, ఇంట్లో మాట్లాడిందీ అరబ్బీ రకమే అని చాలామంది పండితుల మాట. రాసింది మాత్రం అరమాయిక్. ఎందుకంటే పర్షియన్ సామ్రాజ్యం ఆఫీసు భాష అదే. సామ్రాజ్యం పోయింది, రాత మిగిలింది, ఎక్కడివాళ్ళు అక్కడ తమ చేతిరాతకి తగ్గట్టు అక్షరాలు మలుచుకున్నారు. క్రీ.పూ. 312లో, అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన ఆంటిగోనస్ సేన వీళ్ళ మీద పడ్డాక, వీళ్ళు అతనికి సిరియన్ అక్షరాలతో, అంటే అరమాయిక్‌లో, ఉత్తరం రాశారని గ్రీకు చరిత్రకారుడు డియోడోరస్ చెప్తాడు. ఇళ్ళు కట్టరు, గింజ నాటరు అని అదే మనిషి రాసిన జనం, చక్రవర్తి కావాలనుకుంటున్న సేనాపతికి ఆఫీసు భాషలో ఫిర్యాదు పంపారన్నమాట!

తెలంగాణవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నిజాం రోజుల్లో తాత మాట్లాడింది తెలుగు, తాత పేరున్న పొలం కాగితం ఉర్దూ. పైగా ఆ ఉర్దూ అక్షరాల వంశం వెనక్కి తవ్వుకుంటూ పోతే, ఫారసీ, అరబ్బీ దాటాక తేలేది ఈ నబాటియన్ల దగ్గరే. మధ్యలో కొందరు, అరబ్బీ లిపి సిరియాక్ (సిరియా క్రైస్తవుల అరమాయిక్ లిపి) నుంచి వచ్చిందని వాదించారు. కానీ వాయవ్య అరేబియాలో 3 నుంచి 5 శతాబ్దాల మధ్య నాటి రాతలు బయటపడుతున్న కొద్దీ, లైలా నెహ్మే లాంటి శాసన పరిశోధకులు వాటిని వరసగా పెట్టి చూపిస్తున్న కొద్దీ, ఆ వాదానికి బలం తగ్గింది. అక్షరం పక్క అక్షరంతో ఎలా అతుక్కుంటూ వచ్చిందో ఆ రాళ్ళ మీద కళ్ళకి కనిపిస్తుంది. 267లో హెగ్రాలో కాబ్ అనే కొడుకు తల్లి రఖూష్‌కి వేయించిన శాసనంలో భాష అప్పటికే చాలావరకు అరబ్బీ. 328 నాటి నమారా రాయి అయితే పూర్తిగా అరబ్బీ భాష, నబాటియన్ అక్షరాలు. ఇప్పుడది పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 22 అక్షరాల అరమాయిక్ లిపిలో 28 హల్లుల భాషని ఇరికించడం, పైగా రాయగా రాయగా కొన్ని అక్షరాలు ఒకేలా అయిపోవడం వల్లే అరబ్బీకి చుక్కల అవసరం పడింది. 643 నాటి ఒక అరబ్బీ పపైరస్ మీదే కొన్ని చుక్కలున్నాయి.

అన్నట్టు, "అన్ని లిపులూ మన బ్రాహ్మి నుంచే" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ దయచేసి ఇక్కడ పెట్టకండి. అశోకుడే కాందహార్‌లో తన మాట గ్రీకు, అరమాయిక్‌లలో చెక్కించాడు. మన వాయవ్యంలో వాడిన ఖరోష్ఠి లిపి పుట్టింది కూడా అరమాయిక్ నుంచే.

అయినా ఈ కట్టుకథల జబ్బు ఇప్పటిది కాదు. సినాయ్ ఎడారిలో, ముఖ్యంగా వాదీ ముకత్తబ్‌లో, దారిన పోయేవాళ్ళు గీసిన నబాటియన్ రాతలు కుప్పలు. చాలావాటిలో ఉన్నది ఫలానావాడి కొడుకు ఫలానావాడికి శాంతి, అతను గుర్తుండుగాక, అంతే. మోషే వెంట వెళ్ళిన ఇశ్రాయేలీయులే వీటిని రాశారని 6వ శతాబ్దంలోనే కాస్మాస్ అనే యాత్రికుడు నమ్మాడు. 1840లో లైప్‌జిగ్‌లో బేర్ అనే పండితుడు నకళ్ళు ముందేసుకుని లిపిని ఛేదించాడు. అక్కడితో కథ ముగియాలి కదా? 1851లో చార్లెస్ ఫార్‌స్టర్ అనే ఇంగ్లిష్ మతాధికారి మళ్ళీ మోషే కథే పట్టుకుని పుస్తకం వేశాడు. సమాధానం దొరికిన పదకొండేళ్ళకి! అదే కాలపు మనుషుల్లో 1876లో హజ్ బిడారుతో హెగ్రా చేరి, తడి కాగితం రాయికి అద్ది శాసనాల అచ్చులు తీసిన ఇంగ్లిష్ యాత్రికుడు డౌటీ కూడా ఉన్నాడు. ఎవరి పని పనికొచ్చిందో చెప్పక్కర్లేదు.

నిజంగా తెలియనివి ఉన్నాయి, కాదనను. వీళ్ళ కావ్యాలు, పురాణాలు, చరిత్రలు మనకి దక్కలేదు. కానీ నన్నడిగితే అసలు వెతకాల్సింది ఇంకొకటి. హెగ్రాలో ఒక సమాధి శాసనం, దీని నకలు గుడిలో దాచామని చెప్తుంది. అంటే రాయి మీద చూస్తున్నది బయటి ప్రతి, అసలు కాగితాలు వేరే ఉన్నాయి. అవి ఎలా ఉండేవో కూడా తెలుసు. మృతసముద్రం పక్క గుహలో 1961లో బబథా అనే యూదు స్త్రీ దాచుకున్న పత్రాల కట్ట దొరికింది. అందులో క్రీ.శ. 99లో ఆమె తండ్రి షిమోన్ ఖర్జూర తోట కొన్న దస్తావేజు నబాటియన్ లిపిలోనే ఉంది, నీటి వంతుతో సహా. అమ్మినదీ ఒక స్త్రీయే, అబీ అదన్. హెగ్రా గుడిలో ఉంచామన్న నకళ్ళు మాత్రం దొరకలేదు. వీడియో చేస్తే దాని మీద చేయండి, నేనే షేర్ చేస్తాను.