సీట్లు ఎన్ని పెరుగుతాయన్నది సరే, గీత ఎక్కడ గీస్తారు?

నియోజకవర్గాల పునర్విభజన మాట రాగానే మన చర్చంతా సీట్ల లెక్క మీదికే పోతుంది. విభజన చట్టంలో ఉన్నట్టు ఆంధ్రప్రదేశ్‌లో 175 స్థానాలు 225 అవుతాయా, తెలంగాణలో 119 కాస్తా 153 అవుతాయా అని. లోక్‌సభలో దక్షిణాది వాటా తగ్గుతుందన్న టెన్షన్ సరేసరి. ఏ ఊరు ఏ నియోజకవర్గంలోకి పోతుందని మాత్రం అడిగేవాళ్లు తక్కువ. సగం ఫలితాలు తేలేది అక్కడే.

2023 తెలంగాణ ఎన్నికల్లో బీజేపీకి దాదాపు 14 శాతం ఓట్లు పడితే 8 సీట్లొచ్చాయి. మజ్లిస్‌కు 2 శాతం పైచిలుకు ఓట్లకే 7 వచ్చాయి. మజ్లిస్ పోటీ చేసింది 9 చోట్లే అనుకోండి. కానీ అసలు బలం దాని ఓటర్లు పాతబస్తీలో ఒకచోట ఉండటమే. బీజేపీ గెలిచిన 8లో కూడా గోషామహల్ తప్ప మిగతా 7 ఉమ్మడి ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాలవే. మిగతాచోట్ల పడ్డ ఓట్లు శాతాన్ని పెంచాయి గానీ సీట్లు తేలేదు.

ఆంధ్రలో ఇదే ఇంకా కరకుగా కనిపిస్తుంది. 2019లో టీడీపీకి 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకీ 39 శాతమే, సీట్లు 11. ఓటు రాష్ట్రమంతా సమానంగా పరుచుకుంటే అన్నిచోట్లా రెండో స్థానమే దక్కుతుంది. వైసీపీకి మిగిలిన ఆ 11 ఎక్కడివి? రాయలసీమలో 7, ప్రకాశం మెట్టప్రాంతంలో దర్శి, యర్రగొండపాలెం, మన్యంలో అరకు, పాడేరు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఒక్కటీ లేదు.

ఇక భద్రాచలం సంగతి. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రలో కలిశాయి. పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకున్న ఎటపాక అటు పోయింది. దాంతో భద్రాచలం నియోజకవర్గం చిక్కిపోయి 2023లో లక్షన్నర లోపు ఓటర్లతో మిగిలింది. అదే ఎన్నికలో శేరిలింగంపల్లి ఓటర్లు 7 లక్షలకు పైనే. రెండింటికీ ఒక్కో ఎమ్మెల్యేనే. 2001 జనాభా లెక్కలతో గీసిన గీతల్లో హైటెక్ సిటీ చుట్టూ పెరిగిన జనాన్ని కుక్కితే ఇంతే మరి.

అటు పోయిన ఎటపాక ఓటరు రంపచోడవరం సెగ్మెంటులో, అరకు లోక్‌సభ స్థానంలో చేరాడు. ఆ స్థానం పాలకొండ దగ్గర మొదలై, ఘాట్ రోడ్లన్నీ దాటుకుని భద్రాచలం పొలిమేరకు వస్తుంది. అన్ని గూడేలు తిరగడం ఏ అభ్యర్థి వల్లా అయ్యే పని కాదు. 2014, 2019, 2024ల్లో వైసీపీ ప్రతిసారీ కొత్త అభ్యర్థిని దింపింది, ప్రతిసారీ గెలిచింది. అంత దూరాభారమైన చోట మనిషి కన్నా పార్టీ గుర్తే ముందు చేరుతుందని నా అంచనా.

నియోజకవర్గం గీసేటప్పుడు కొండలు, నదులు, రాకపోకలతో పాటు పాలనా సరిహద్దుల్నీ చూడమంటుంది పునర్విభజన చట్టం. తెలంగాణలో 2016లో జిల్లాలు మార్చేశాక పాత నియోజకవర్గాలు పలు రెండేసి జిల్లాల్లోకి చీలాయి. భద్రాచలం సెగ్మెంటులోని వెంకటాపురం, వాజేడు ఇప్పుడు ములుగు జిల్లాలో ఉన్నాయి. ఆంధ్రలో 2022లో లోక్‌సభ స్థానాల్నే కొలతగా పెట్టుకుని జిల్లాలు చేశారు, అరకు స్థానాన్ని మాత్రం రెండు జిల్లాలు చేశారు. రేపు గీతలు గీయడానికి వచ్చే పునర్విభజన కమిషన్ ముందు ఉండేవి ఈ కొత్త జిల్లాల మ్యాపులే. వాటిని గీసింది రాష్ట్రాల్లో అప్పుడు అధికారంలో ఉన్న పార్టీలు. కమిషన్‌లో సహ సభ్యులుగా కూర్చునే ఎంపీలు, ఎమ్మెల్యేలకైతే ఓటు హక్కు కూడా ఉండదు.